కొబ్బరికాయ కొట్టని మిషను

ఏమండీ,

మీరు ఆర్డరిచ్చిన పేపర్ కటింగ్ మిషన్ని ఈ రోజు ఆన్ చేశాను. దీపావళి ముందు మీరు పోయిన తర్వాతి వారమే అది గవర్నర్‌పేటలో మన బైండింగ్ షాపుకి వచ్చింది. ఇన్నాళ్ళూ ప్లాస్టిక్ కవరు తీయలేదు. ఏడాది తిరిగేదాకా కొత్తది ఏదీ మొదలుపెట్టకూడదని మీ అక్కయ్య అన్నారు. నేనూ సరేనన్నాను.

నిన్న ఆడిటర్ గారు ఫోన్ చేశారు. "కొని ఊరికే పెట్టుకుంటే లెక్కల్లో తరుగు, అదే డిప్రిసియేషన్, రాయడానికి లేదమ్మా. మార్చి నెలాఖరులోపు వాడి, ఒక్క బిల్లయినా ఇవ్వండి. లేకపోతే పన్నులో ఆ మినహాయింపు పైయేటికి పోతుంది. సార్ అయితే ఆయనే నాకు గుర్తుచేసేవారు" అన్నారు.

పొద్దున వదినకి చెప్పాను.

"పైయేడు తీసుకుంటే కొంపలేం మునుగుతాయి? ఏటిసూతకంలో కొబ్బరికాయ ఎలా కొడతావే?" అన్నారు.

"కొట్టను వదినా. స్విచ్ మాత్రం వేస్తాను."

పసుపు, కుంకుమ కూడా పెట్టలేదు. పక్కన మందుల షాపాయన బిల్లు పుస్తకాలు కోసి, ఆయన పేరున బిల్లు రాశాను. మిషను బాగానే నడిచింది. అంచులు తిన్నగా వచ్చాయి.

పన్ను కోసమేనని వదినతో అన్నాను. అది నిజమే. కానీ ఏప్రిల్ దాకా ఆగితే ఆ మిషను మీరు అసలు లేని ఏడాది లెక్కల్లోకి వెళ్ళేది. ఇప్పుడది మీరు సగం దాకా ఉన్న ఏడాదిలో పడింది.