చల్లటి చేతులు

మామ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే నరసన్నపేట పోస్టాఫీసుకెళ్లి, కాన్పుల వైద్యంలో పై చదువుకి దరఖాస్తు పంపాను. డాక్టరు పరీక్ష గట్టెక్కాను గానీ మార్కులు బాగా తక్కువ. సీటు రాకపోవచ్చు.

ప్రాక్టికల్లో ఒక గర్భిణిని చూడమన్నారు. ముట్టుకునే ముందు, ఊరందరికీ కాన్పులు చేసిన నువ్వు నేర్పినట్టే అరచేతులు రుద్దుకున్నాను. "సల్లటి సేతులు ఎట్టకే, లోపలి బిడ్డ ఉలికిపడతాది" అనేదానివి. పరీక్షాధికారి "భయమా?" అని నవ్వి మార్కులు కోసేశాడు. ఆ తల్లి మాత్రం "నీ సేతులు ఎచ్చగున్నాయమ్మా" అంది.

సీటు రాకపోయినా ఈ అలవాటు మానను. నా చేతులు నిమిషంలో వేడెక్కుతాయి. పోయిన ఏడాది ఇదే రోజున నీ చేతులు పొద్దెక్కేదాకా రుద్దాను. వేడెక్కలేదు.