మంచం కింద ద్రాక్ష జామ్

బావమరిదికి,

మీ అక్కకి ఒక్కగానొక్క తమ్ముడివి కాబట్టి దీవించి రాస్తున్నాను. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. మీ అక్క చేత రాయిస్తే నా మాటల్ని మెత్తబరుస్తుంది. అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీ.

ఆరేళ్ళ కిందట నీ బేకరీలో, పనివాళ్ళందరి ఎదుట, నేను వండిన ద్రాక్ష జామ్‌లో గరిటె గుచ్చి ఏమన్నావు? "బావా, ఇది రొట్టెకి పుయ్యడానికా, గోడకి మేకులు కొట్టడానికా?" అన్నావు. అందరూ నవ్వారు. ముప్ఫై ఏళ్ళు జామ్ వండిన చేతులు తుడుచుకుని, నీ దగ్గర పని మానేసి వచ్చేశాను. ఆ తర్వాత నీ బేకరీ వాసన తగలకూడదని నీ వీధి వదిలి వెనక సందుల్లో తిరిగాను. ఈ సంగతి మీ అక్కకి కూడా తెలియదు. చేతిలో పస పోయిందేమోనని నాకే భయం పట్టుకుంది. అయినా పంతం వదల్లేదు. ద్రాక్ష వచ్చినప్పుడల్లా అదే పాకం, అంతే గట్టిగా ఇంట్లో వండి సీసాలకెత్తాను.

పోయిన నెల మీ అక్క చీపురు పట్టుకుని నిలదీసింది. "మంచం కింద నలభై రెండు సీసాలు! మనం పడుకునేది ఇంట్లోనా, గోదాములోనా? ఖాళీ చెయ్యకపోతే వాటితోపాటు మీరూ వసారాలోకే."

ఏం చేస్తాను? వేడినీళ్ళలో కరిగించి నిమ్మకాయ పిండాను, తాగాం. వెనిగరూ మిరపకారమూ కలిపి మరిగించి, వేయించిన కోడిముక్కలకి పట్టించాను. మీ అక్క వేళ్ళు నాకి "పర్వాలేదు" అంది. సీసా అడుగున అంటుకున్నదాన్ని పెరుగు పోసి గిలకొట్టాను. అలా తొమ్మిది సీసాలు అయ్యాయి.

పదో సీసాలోది కత్తితో ముక్కలు కోసి, బన్ను పిండిలో పెట్టి కాల్చాను. విరిచి చూశాను బావమరిదీ! కారలేదు, పొంగలేదు, పెట్టినచోటే మెరుస్తూ కూర్చుంది. నీ పల్చటి జామ్ బన్నులోంచి కారి రేకుల మీద మాడితే, బేకరీలో కాల్చే మీ మాస్టరు రోజూ గంటసేపు గీక్కోవడం నేను చూడలేదా? రొట్టెకి పుయ్యడానికి నాది గట్టిదే, ఒప్పుకుంటాను. పొయ్యిలోకి మాత్రం అదే సరైంది. ఈ సంగతి నీకు తట్టలేదు, ముప్ఫై ఏళ్ళు నాకూ తట్టలేదు.

నలభై బన్నులు బస్సు డిపో క్యాంటీనుకి పట్టుకెళ్తే టీ మరిగేలోగా బుట్ట ఖాళీ. "తాతా, రేపు నాకు నాలుగు దాచకపోతే బస్సు తియ్యను" అన్నాడొక డ్రైవరు. ఆ రోజు నీ కొట్టు ముందు నుంచే ఇంటికొచ్చాను, ఖాళీ బుట్ట ఊపుకుంటూ. అప్పట్నుంచి రోజూ బన్నులు పట్టుకెళ్తున్నాను, మంచం కింద ఇక ఆరు సీసాలే మిగిలాయి.

నిన్న మీ మాస్టరు వచ్చి, నాలుగు బన్నులు తిని, నసిగాడు. "మిగిలిన సీసాలు ఇస్తారేమోనని బాబాయ్... నా అంతట నేనే అడిగానని చెప్పమన్నారు ఓనరుగారు." వాడికి అబద్ధమాడటం రాదు, నీకు అడగటం రాదు.

సీసాలివ్వను. ఉన్న ఆరూ డిపో వాళ్ళకే. కావాలంటే నన్ను తీసుకెళ్ళు. పెద్ద బాణలి నాకు అప్పగించు. ఎప్పుడు దించాలో నేను చెబుతాను, నువ్వు నోరు పెట్టకూడదు. అప్పుడు నవ్విన వాళ్ళందరి ముందు నా బన్ను తిని, ఎలా ఉందో పైకి చెప్పాలి. క్యాంటీను అతను నాకు పొయ్యి ఇస్తానన్నాడు. ఆదివారం పొద్దున్నే అతనికి మాటివ్వాలి. అందుకని శనివారం సాయంత్రం లోపు నీ జవాబు నాకు చేరాలి. మాస్టర్ని పంపావో, గుమ్మంలోంచే తిప్పి పంపేస్తాను. వస్తావా, రావా?

మీ అక్క మొగుణ్ణి,
జామ్ వండేవాణ్ణి