పళ్ళ డాక్టరు గారి కర్బూజా కాపు

ఫిబ్రవరి 2, ఆదివారం
ఈ రోజు నుంచి నేను రైతుని! డాబా మీద తొట్టిలో చిట్టి కర్బూజా విత్తనాలు నాటాను. పిడికిట్లో పట్టేంత కాయలట, తీపికి తీపి! ప్రతిజ్ఞ: పొద్దున్నే లేవడం, నీళ్ళు పోయడం, ఒక్క రోజు కూడా మానకపోవడం.

అసలు కారణం మా అత్తగారు. ఫోన్లో కూతురితో అంటున్నారు, నాకు వినబడేలాగే: "మీ ఆయన ఉత్త ఆరంభశూరుడే అమ్మాయ్. గిటారు ఏమైంది? ఈత ఏమైంది?"

రోషం పొడుచుకొచ్చింది. "ఎండాకాలం మీరు వచ్చేసరికి నా చేత్తో పండించిన కర్బూజా పెడతాను అత్తయ్యా!" అనేశాను.

ఫిబ్రవరి 10
మొలకలు! క్లినిక్‌లో ప్రతి పేషెంటుకీ ఫొటో చూపించాను. అందరూ నోరు తెరిచే ఉన్నారు కాబట్టి ఎవరూ విసుక్కోలేదు.

మార్చి 9
తీగ తాడెక్కింది. నీళ్ళు ఒక రోజు మానాను. పేషెంట్లు ఎక్కువ. మర్నాడు మబ్బు పట్టింది, వాన వస్తుందిలే అని ఊరుకున్నాను. రాలేదు. తప్పు మబ్బుది.

మార్చి 16
పసుపు పూలు! కానీ కొన్నిటి కింద చిన్న ఉండ. వాపు! ఇన్నేళ్ళుగా పళ్ళ డాక్టర్ని, వాపు కనబడితే వదిలేస్తానా? క్లినిక్ నుంచి పట్టకారు తెచ్చి సుతారంగా పీకేశాను. పేషెంటు కిక్కురుమనలేదు.

ఏప్రిల్ 13
వాపు కనబడడం, పీకడం. మిగతా పూలు నిగనిగలాడుతున్నాయి. కాయ మాత్రం లేదు. మట్టిలో పస లేదేమో. పక్క మేడ నీడొకటి. తేనెటీగలకి బద్ధకం కూడానూ.

ఏప్రిల్ 24
మా ఆవిడ విత్తనాల ప్యాకెట్ వెనక్కి తిప్పింది. నేను ముందువైపే చదివాను. వెనక బొమ్మ ఉంది. కింద ఉండ ఉన్నది ఆడపువ్వు. ఆ ఉండే పెరిగి కాయవుతుంది.

"మరి మీరు పీకినవేమిటండీ?"

పట్టకారు వెనక్కి దాచుకున్నాను.

"అన్నీ పిందెలేనా!" అని మెట్ల మీద కూలబడి నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది, నిజంగానే. నా చేత్తో నేనే పీకానే! అత్తగారు వచ్చేది ఎల్లుండి.

ఏప్రిల్ 26, ఉదయం
పళ్ళ కొట్టుకి వెళ్ళి చిట్టి కర్బూజా ఒకటి కొన్నాను. చిగుళ్ళకి కుట్లు వేసే దారంతో తీగకి కట్టాను. ముడి మీద ఆకు కప్పాను. ఎవరికైనా కనబడితే ఒట్టు!

మా ఆవిడ అంతా చూసింది. "నేనేం చూడలేదండీ" అంది. ఉన్నట్టుండి ఇంత మంచితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

సాయంత్రం
నేనే కోసి తెచ్చాను. అత్తగారు వాసన చూశారు, తిన్నారు, కళ్ళు మూసుకున్నారు.

"అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను అల్లుడుగారూ. మీరు గట్టివారే."

సిగ్గుతో చచ్చిపోయాను. రెండో ముక్క తిన్నాక కాస్త తేరుకున్నాను.

"వారంలో వెళ్ళిపోదామనుకున్నాను. ఇప్పుడు ప్రయాణం మానేశాను. ఇంకో కాయ పువ్వు దగ్గర్నుంచి పండేదాకా కళ్ళారా చూసి, తిని మరీ కదులుతాను" అన్నారావిడ.

మూడో ముక్క గొంతుకి అడ్డం పడింది.

ఏప్రిల్ 29
ఆరింటికే లేచాను. ఆడపువ్వు! మగపువ్వు తెంపి పుప్పొడి అద్దాను. "నిలబడు తల్లీ" అని బతిమాలాను. అత్తగారు కుర్చీ వేసుకుని కాపలా. "ముందు పళ్ళు తోముకున్నారా?" అని అడిగారు. నన్ను!

మే 4
పిందె నిలబడింది! ఉసిరికాయంత అయింది!

మే 5
పిందె లేదు! తొట్టి కింద లేదు, ఆకుల్లో లేదు. వంటింట్లో మా ఆవిడ కూనిరాగం తీస్తోంది.

"నువ్వేమైనా చూశావా?"

"నేనే తెంపేశానండీ."

"ఎందుకు!"

"పండితే అమ్మ వెళ్ళిపోతుందిగా."

చిన్నపిల్లలా నవ్వింది. కోప్పడదామనుకున్నాను. కానీ దారం సంగతి తెలిసిన మనిషిని ఏమని కోప్పడతాను?

మే 6
ఈ రోజు నుంచి నేను మళ్ళీ రైతుని! ప్రతిజ్ఞ: పొద్దున్నే లేవడం, నీళ్ళు పోయడం, మా ఆవిడని ఒంటరిగా డాబా ఎక్కనివ్వకపోవడం.