తడిగోనె

కట్టంగూర్,
మే నెలాఖరు ఆదివారం

ప్రేమగల అమ్మకు,

నీ పెద్దకొడుకు బెంజమిన్ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఉత్తరంలో మొదట ఆ మాట రాయాలి కాబట్టి రాశాను. మొత్తం చదివాక ఎంత బాగున్నామో నువ్వే తేల్చుకో. అక్కడ నువ్వు, చెల్లె కోమల, కొత్తగా వచ్చిన చంటిది క్షేమమని తలుస్తాను.

నర్సింగమ్మ పెద్దమ్మ హుజూర్‌నగర్ నుంచి వస్తూ నీ చీటీ, మామిడికాయ తొక్కు తెచ్చిచ్చింది. తొక్కులో ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది, అయినా సగం సీసా ఖాళీ చేశాం. పెద్దమ్మ రేపు మళ్లీ అటే వస్తుందట, ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నువ్వు ఫోనెత్తగానే స్పీకర్ నొక్కుతావు. బావ, బావ వాళ్ల పక్కింటివాళ్లు, అందరూ వింటారు. ఇది అందరూ వినే మాట కాదు. అక్షరాలు పెద్దగా, విడివిడిగా రాశాను. ఆదివారం వాక్యం చదివినట్టు నిదానంగా కూడబలుక్కుని చదువుకో. కోమల చేత చదివించుకోకు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బాపు షుగర్ గోలీలు వేసుకుంటున్నాడు, నీ పెద్దకోడలు మల్లిక దగ్గరుండి వేయిస్తోంది. మేకను అమ్మలేదు, ఫికర్ చేయకు. అన్నదమ్ములు కొట్లాడుకుంటున్నారా అని అడిగావు. కొట్లాడుకోవాలంటే ఇద్దరూ ఒక్కచోట ఉండాలి కదా. చిన్నోడు సునీల్ మూడు రోజులుగా హైవే మీద తన షాపులోనే పడుకుంటున్నాడు. ఆ పాము గుడ్లు ఇంకా ఇంట్లోనే ఉన్నాయా అని అడిగావు. లేవు. అప్పుడే సంతోషించకు.

నువ్వు బస్సెక్కిన రోజే వచ్చాయి కాబట్టి నీకు ఆ సంగతి సగమే తెలుసు. ఉపాధి పనివాళ్లు చెరువులో మట్టి తీస్తుంటే జెర్రిపోతు గుడ్లు బయటపడ్డాయి. పాము అనగానే ఈ చుట్టుపక్కల కబురు మన సునీల్‌కే కదా. వాడు పోయి, జెర్రిపోతుకు విషముండదు, మీ పొలంలో ఎలుకల్ని తినేది అదే, చంపకండి అని అందరికీ చెప్పి, ఫారెస్టు ఆయనకు ఫోన్ చేశాడు. పిల్లలయ్యేదాకా నువ్వే చూసుకో, తర్వాత వచ్చి వదిలేద్దాం అన్నాడట ఆయన.

మనవాడు ఫ్రిజ్‌ల మెకానిక్ కదా, షాపులో మూలపడ్డ చిన్న ఫ్రిజ్‌ను తెచ్చి నడింట్లో కిటికీ కింద పెట్టాడు. మోటారు చచ్చిపోయింది, పెట్టె మాత్రం గట్టిది. లోపల ఒక బల్బు పెట్టాడు. చల్లగా అయితే దానంతటదే వెలిగి, వేడెక్కితే ఆరిపోతుంది. అడుగున నీళ్ల సీసాలు, పైన డబ్బాలో తడిపిన కొబ్బరిపొట్టు, అందులో గుడ్లు. కోడిగుడ్లలాగా వీటిని తిప్పకూడదట. తలుపు మీద ఎర్ర అంకెలు కనబడతాయి. అవి ఇరవై ఎనిమిదికీ ముప్పైకీ మధ్య ఉండాలి, ముప్పై మూడు దాటితే లోపలి పిల్ల బతకడం కష్టం.

చలి దేశాల్లో అయితే ఇలాంటి పెట్టెను వెచ్చగా ఉంచడానికి తిప్పలు పడతారు. మన దగ్గర మే నెలలో నడింట్లోనే నలభై. చల్లగా ఉంచడానికే మన తిప్పలు. అందుకే సునీల్ ఫ్రిజ్ మీద తడిగోనె కప్పి, "బాపూ, గిది ఆరనియ్యకు" అన్నాడు. అంతే. పంచాయతీ నీళ్లు ఊరంతటికీ వదిలి రిటైరైన మనిషికి మళ్లీ ఉద్యోగం దొరికింది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా చెంబూ బకెట్టూ పట్టుకుని దాని పక్కనే మంచమేసుకున్నాడు. ఒక ఆదివారమైతే ప్రార్థన మధ్యలో లేచి ఇంటికొచ్చేశాడు. పాస్టరుగారు బాపుకు కడుపులో బాగాలేదేమోనని కనుక్కోమని మనిషిని పంపాడు.

నాకు కడుపు మండిందమ్మా. నీ దగ్గర దాపరికమెందుకు. నేను డీఎస్సీకి చదివినన్నాళ్లు బాపు నా పక్కన ఒక్క పూటైనా కూర్చున్నాడా? నాకు టైఫాయిడ్ వచ్చి నల్లగొండ దవాఖానలో పడి ఉంటే, నీళ్లు వదిలే టైమైందని లేచిపోయాడు. ఆ మనిషే ఇప్పుడు ఎక్కడివో పాము గుడ్లకు విసనకర్ర పట్టాడు. గోనె తడిపితే ఎందుకు చల్లబడుతుందని ఒకరోజు సునీల్‌ను అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుందని ఏటేటా ఐదో తరగతి పిల్లలకు చెప్పేవాణ్ణి. వాడేమో, "గదంతే బాపూ, గాలి తగిల్తె సల్లవడ్తది" అన్నాడు. బాపు పెద్ద ఇంజనీరు మాట విన్నట్టు తలూపాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు సరే, వాడూ ఈ పెరట్లో చెట్టే కదా!

నాకు బెంజమిన్ అని పేరు పెడుతుంటే, బైబిల్లో అది కడగొట్టు ముద్దుబిడ్డ పేరు, తొందరపడి మొదటివాడికే పెడుతున్నారని అప్పటి పాస్టరుగారు అన్నాడని నువ్వే చెప్పావు. పేరు నాకొచ్చింది, ముద్దు వాడికి పోయింది. ఈ మాట మల్లికతో అంటే, "ఏందయ్యా, ఆఖరికి గుడ్ల మీద గూడ కుళ్లేనా?" అని నవ్వింది. నవ్వుతూ అన్నా నిజమే అంది.

మొన్న గురువారం జరిగింది చెబుతాను. వడగాడ్పు గట్టిగా కొడుతోంది. సునీల్ నకిరేకల్‌లో కూల్‌డ్రింకుల కొట్టు ఫ్రిజ్ బాగుచేయడానికి పోయాడు. మల్లిక పిల్లను తీసుకుని టీకాకు పోయింది. ఇంట్లో బాపూ నేనూ. చిన్నోడు తిరిగొచ్చేసరికి గోనె ఎండిపోయి ఉంది, తలుపు మీద ముప్పై ఆరు ఉంది. వాడు చెప్పులు కూడా విప్పకుండా డబ్బా తీసి, ఒక్కొక్క గుడ్డుకూ కింద నుంచి సెల్లు లైటు పట్టి చూశాడు. బతికున్నదాంట్లో ఎర్రని నరాలు కనబడతాయి. నాలుగు గుడ్లలో ఏమీ కనబడలేదు.

"ఎవలు సూస్తున్నరు దీన్ని?" అని అరిచాడు.

బాపు మంచం మీద లేచి కూర్చుని, "నేనే రా సిన్నోడా. జర కునుకు వట్టింది" అన్నాడు.

"నీకు అప్పజెప్పిన సూడు, నాది బుద్ధి తక్కువ! ఒక్క గోనె తడుపనీకె శాతగాదా నీకు? ఇగ దీని జోలికి రాకు నువ్వు!"

బాపుతో వాడు అట్లా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆ సాయంత్రమే ఆటో పిలిచాడు. ఫ్రిజ్ ఒక పక్క నేనే పట్టుకుని ఎక్కించాను. గుడ్ల డబ్బా కదలకుండా ఒళ్లో పెట్టుకుని వాడు షాపుకు వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి బాపు సరిగ్గా తినడం లేదు. నిన్న మధ్యాహ్నం అలవాటుగా లేచి బకెట్ నింపుకొచ్చి, కిటికీ కింద ఏమీ లేదని చూసుకుని, ఆ నీళ్లు తీసుకెళ్లి మేక తొట్టిలో పోశాడు. మళ్లీ వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మాట్లాడిస్తే ఊఁ అంటాడు, అంతే.

ఇంతవరకూ చదివి నువ్వు చిన్నోణ్ణి తిట్టుకుంటూ ఉంటావు. తిట్టకు. ఆ గోనె దానంతటది ఎండలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం హెడ్‌మాస్టరు ఫోన్ చేశాడు. నాకు స్కూల్ అసిస్టెంట్‌గా ప్రమోషన్ వచ్చిందమ్మా. ఈ మాట నీకు ఇంత ఆలస్యంగా, ఇట్లా చెప్పాల్సి వస్తుందనుకోలేదు. ఎన్నేళ్లు ఎదురుచూశానో నీకు తెలుసు. ఫోన్ పెట్టేసి బాపు దగ్గరికి పరుగున పోయాను. "బాపూ, నాకు ప్రమోషనొచ్చింది" అన్నాను. "మంచిగైంది బిడ్డా" అన్నాడు, కళ్లు ఎర్ర అంకెల మీదే ఉన్నాయి. "జర నడుము వాలుస్త. గా గోనె మీద నీళ్లు పొయ్యి."

తువ్వాలు ముఖం మీద వేసుకుని పడుకున్నాడు. నేను చెంబు తీసుకున్నాను. నీళ్లు పోయలేదు. గోనెను ఫ్రిజ్ మీంచి లాగి, కిటికీ చువ్వల మీద గాడ్పుకు ఆరేశాను. నాచు వాసన వస్తోంది కదా, కాసేపు ఆరితే మంచిది అని నాకు నేనే చెప్పుకున్నాను. సైన్సు చెప్పేవాణ్ణి, ఏమవుతుందో నాకు తెలియదా? స్టూలు మీద కూర్చుని అంకెలు చూశాను. ముప్పై ఒకటి. ముప్పై రెండు. మధ్యలో రెండుసార్లు లేచాను, మళ్లీ కూర్చున్నాను. ముప్పై మూడు దాటినప్పుడు నాకు భయం వేయలేదు. చల్లగా అనిపించింది. అది రాయడానికే నాకు సిగ్గుగా ఉంది. వాడి బండి చప్పుడు వినబడగానే ఎండిన గోనెను తెచ్చి మళ్లీ కప్పేశాను. బాపు లేచి తప్పు తన మీద వేసుకుంటుంటే, తువ్వాలు కింద నిద్రపోయాడు, పాపం నిజంగానే తనవల్లే అనుకుంటున్నాడని అనుకున్నాను. నోరు విప్పలేదు.

నిన్న ఆ బకెట్ నీళ్లు చూశాక ఆగలేకపోయాను. మంచం పట్టె మీద కూర్చుని చెప్పేశాను.

"బాపూ, గా దినం గోనె తీసింది నేను."

"ఎర్కనే బిడ్డా."

"నువ్వు పండుకున్నవ్ గదా?"

"మొకం మీద తువ్వాల ఏస్కున్న. నిద్ర పోలే."

నాకు ఒళ్లు మండింది. తప్పు నాదైనా కోపం ఆయన మీదే వచ్చింది. "మరెందుకు లేవలే? గుడ్లు చస్తయని ఎర్క లేదా?" అన్నాను.

"ఎందుకెర్క లేదు. నువ్వే మల్ల కప్పుతవనుకున్న. రెండుమాట్ల లేచినవ్ గూడ. ఇగ కప్పుతడు, ఇగ కప్పుతడు అనుకుంటనే ఉన్న."

 మళ్లీ ఆయనే, "సిన్నోనికి చెప్పకు. నా మీద కోపమైతె నాల్గు దినాలకు పోతది. నీ మీదైతె పోదు" అన్నాడు.

అమ్మా, రాత్రంతా అదే ఆలోచించాను. అంటే ఆ గంటసేపు బాపు ఫ్రిజ్‌ను చూడలేదు, గుడ్లను చూడలేదు. తువ్వాలు సందులోంచి నన్నే చూశాడు. పుట్టినప్పటినుంచి నేను అడిగింది అదే కదా. అదేమో ఆ గంటలో దొరికింది. మన ఇంట్లో నన్నెవరైనా అంత నమ్ముతారని నాకేం తెలుసు, ఆ మనిషి ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పాడా!

సునీల్ మీద కుళ్లు పోయిందని నీకు అబద్ధం రాయను. పోలేదు. కానీ బాపు చెయ్యని తప్పుకు వాడు ఆయన్ను దూరం పెట్టాడు. చెయ్యని ఆ తప్పుకే బాపు సరిగ్గా మెతుకు ముట్టడం లేదు. బాపు వద్దన్నా సరే, రేపు పొద్దున షాపుకు పోయి చిన్నోడికి అంతా చెబుతాను. వాడు కొడితే కొట్టనీ, మాట్లాడటం మానేస్తే మానేయనీ. మిగిలిన గుడ్లను బతిమాలైనా ఇంటికి తెస్తాను. బాపు మళ్లీ మంచమేసుకుని పగలంతా వాటినే చూస్తూ కూర్చుంటాడు. నేను పక్కనుంచి పోతుంటే తలెత్తి కూడా చూడడు. నాకు మళ్లీ మండుతుంది. మండనీ.

కోమలకు, బావకు నా వందనాలు చెప్పు. చంటిదానికి ముద్దులు. ఈ కాగితం పొయ్యిలో వేసెయ్యి, నా ప్రమోషన్ సంగతి మాత్రం అందరికీ స్పీకర్ పెట్టి చెప్పు.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
బెంజమిన్