కిందికి లాగితే పైకి

చిరంజీవి రద్వాకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

దేవుడి దయవల్ల ఇక్కడ అలెగ్జాండ్రియాలో మేమిద్దరం క్షేమం. అస్వాన్ ఎండల్లో నువ్వు, నీ బడి పిల్లలు క్షేమమని తలుస్తాను. నువ్వడిగిన ఎండు ములుఖియా ఆకు, పచ్చ దిండు గలీబులు మీ పిన్ని కూతురు సఫా చేతికిచ్చి పంపుతున్నాను. ఆకు డబ్బాకు తేమ తగలనీకు, కూర జిగురు చెడుతుంది. ఫోన్ చేయక ఈ ఉత్తరమెందుకంటావేమో. మన రెండు గదుల ఇంట్లో నేను గుసగుసలాడినా మీ నాన్నకు వినిపిస్తుంది.

"వీడియో గేములో మేడమీద నుంచి ఎవరైనా తుపాకీ కాలిస్తే నాన్న నేలకేసి చూస్తున్నాడేమిటి? విసుగొచ్చిందేమో, శుక్రవారాల ఆట మానేద్దాంలే" అని రాశావు. మానొద్దు తల్లీ. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదువు.

మీ నాన్న రేవులో క్రేన్ నడిపిన మనిషి. అక్కడ మీట వెనక్కి లాగితే బరువు పైకి లేస్తుంది. అందుకే ఆటలోనూ కంట్రోలర్ పుల్లను కిందికి లాగితే చూపు పైకి పోయేలా పెట్టుకున్నాడు. "నాన్నా, నీ తర్వాత ఎవరు పట్టుకున్నా అంతా తలకిందులే!" అని నువ్వు గోల పెట్టేదానివి. "తలకిందులు మీరే, నేను కాదు" అనేవాడు.

చలికాలంలో ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. టీ గ్లాసు సాసరులో గలగలలాడితే, సాసరు వంకర పోయిందన్నాడు. ఇది నయమయ్యేది కాదు, మెల్లగా ముదురుతుందని డాక్టరు చెప్పాడు. నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఈ ఉత్తరంతో ఆ ఒట్టు తప్పుతున్నాను.

తెరమీద గురి కూడా వణికేది. ఆయన నమాజుకు వెళ్ళినప్పుడు నేను సెట్టింగులు తెరిచాను. కూరలో ఉప్పూ పులుపూ ఒకేసారి సర్దితే ఏది ఎక్కువైందో తెలియదు కదా, అందుకే ఒక్కోసారి ఒక్కటే మార్చి, ఆయన ఆడుతుంటే చూసేదాన్ని. ముందు సెన్సిటివిటీ, అంటే పుల్ల కదిపితే చూపు తిరిగే వేగం, తగ్గించాను. అది చాలక డెడ్ జోన్ పెంచాను. అది పెంచితే పుల్ల కొంచెం కదిలినా ఆట పట్టించుకోదు. వణుకు అందులో దాగిపోయింది.

"చూశావా రద్వా వాళ్ళమ్మా! రేవు చెయ్యి ఊరికే పోదు."

"పోదులెండి. ముందు టీ తాగండి, చల్లారిపోతోంది."

వణుకు పెరిగినప్పుడల్లా తెరమీద ఆ డెడ్ జోన్ గీతను ఇంకొంచెం జరిపాను. వేసవికి ఆ గీత చివరికొచ్చేసింది. ఆ శుక్రవారం ఆయన కంట్రోలర్ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"నువ్వాడు. నేను పక్కన కూర్చుని చెబుతా."

"నాకేం వచ్చండీ?"

"నా చాటున అన్నీ మార్చడం వచ్చిందిగా దొంగా! ఇంక జరపడానికి చోటు లేదే. నేనూ చూశాను."

నవ్వుతూనే అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాను. "పిల్ల ఆటలోకి వచ్చేసింది, రా!" అని పిలిచాడు.

అప్పటినుంచీ నీతో ఆడుతున్నది నేను తల్లీ. ఆటలో ఆయన ఎప్పుడూ మైకు పెట్టుకోడు, ఇక్కడి మాటలు నీకు వినిపించవు కనుక నీకు తెలియలేదు. పైకి చూడాలంటే నేను పుల్లను పైకే తోస్తాను, చూపు నేలకు పోతుంది. "కిందికి లాగవే! ఇన్నేళ్ళు నాతో కాపురం చేసి ఇదీ రాలేదా?" అని తిడతాడు. వారం మొత్తంలో ఆయన గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చునేది ఆ కాసేపే. అందుకే మానొద్దన్నాను.

ఆ తలకిందులు తీసేయడం నాకు చిటికెలో పని. తీయను. ఏ రోజైనా ఆయన చెయ్యి చాపి కంట్రోలర్ అడిగితే, తను పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉండాలి. డాక్టరు మాట నేను మరిచిపోలేదు. అయినా తీయను.

ఈ శుక్రవారం మామూలుగానే రా. తెలిసినట్టు కనపడకు. మేడలున్న వీధుల్లోకే నడిపించు. నేను నేలకేసి చూస్తాను, నవ్వుకో. నా పక్కన మీ నాన్న మాత్రం తన ఖాళీ చేతిని కిందికి లాగుతుంటాడు. ఇంతవరకూ ఒక్కసారీ తప్పలేదు.

ఇట్లు,
ఇన్నాళ్ళూ నాన్న పేరుతో నీతో ఆడిన
మీ అమ్మ