లిఫ్ట్ పక్కన చేపల తొట్టి

శ్రీకాకుళం,
ఆదివారం

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి భుజంగరావు గారికి,

కింద తొట్టిలోకి మళ్ళీ ఇసకలో దూరి ఉండే ఆ లోచ్ చేపలు తెస్తున్నామనీ, వాటిని మా అమ్మ చూసుకోవాలనీ మీరు పంపిన కబురు అందింది. చేపల సంగతి మీవాళ్ళకే తెలుస్తుందన్నారట. మా అమ్మ కళింగపట్నంలో సముద్రం చేపలు అమ్మిన మనిషి. తొట్టిలో చేపల్ని ఆమె ఎన్నడూ పెంచలేదు.

అయినా పోయినసారి చేపలకు బాగాలేదని మొదట కనిపెట్టింది ఆమే. తొట్టి ప్రారంభోత్సవం ఫొటోల కోసం మీరు పాత నీళ్ళన్నీ తోడించి, కుళాయి నీళ్ళు నేరుగా నింపించారు. క్లోరిన్ పోయేదాకా ఒక రోజు డ్రమ్ములో ఉంచుదామని నేను చెప్పినా వినలేదు. మర్నాడు అమ్మ ఊరినుంచి చేపల గంపతో వచ్చింది. గంపతో లిఫ్ట్ ఎక్కకూడదన్న మీ నోటీసు చూసి, తొట్టి దగ్గరే ఆగిపోయింది.

"బాబూ, ఇసకలో ఉండాల్సిన సేపలు పైకొచ్చి నోల్లు తెరుస్తన్నాయి. ఆ నీల్లు మంచివి కావు, సూడండి" అని మీతోనే చెప్పింది. మీరు వెనక మెట్లు చూపించారు.

సాయంత్రానికి పన్నెండు చేపలూ చచ్చిపోయాయి. తెల్లారేసరికి కంపు. ఎవరూ చెయ్యి పెట్టలేక, వాచ్‌మన్‌ని మూడో అంతస్తులో మా ఇంటికి పంపి, అమ్మను లిఫ్ట్‌లోనే కిందికి రప్పించారు. ఆమె వాటిని ఒక్కొక్కటిగా ఏరి, పాతిపెట్టి, సబ్బుతో చేతులు కడుక్కుంది.

కొత్త చేపలకు వేరే మనిషిని చూసుకోండి. అమ్మ రాదు, నేను పంపను. ఆ రోజు పని ముగించి ఆమె లిఫ్ట్ దగ్గరికి వస్తే, చేతులు ఇంకా వాసనొస్తున్నాయని మీరు మళ్ళీ మెట్లే చూపించారు.

మూడో అంతస్తు నుంచి,
ఆమె కొడుకు