మా దగ్గర బాగానే నడుస్తోంది

గాజువాక,
జూన్ 3

ప్రియమైన సింహాద్రి బావకి,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. మా ఆఫీసులో మెయిళ్ళు తిరగేస్తున్నారు, ఫోన్లు చూపించమంటున్నారు. చిప్పులు చేసే మీ కంపెనీవాడికి కాల్ చేశానని తెలిస్తే ఉన్న అనుమానం చాలక ఇంకొకటి.

మీ కొత్త చిప్పుకి కంపైలర్ చూసేది మేమే కదా. మనం రాసే ప్రోగ్రామును చిప్పుకి అర్థమయ్యేలా మార్చే ఆ కోడంతా బహిరంగమే, ఎవరైనా దిద్ది ప్యాచ్ పంపొచ్చు. కానీ చిప్పులో మేం పట్టుకున్న తప్పు మాత్రం ఒప్పందం ప్రకారం రహస్యం. వరుసగా అంకెలు కూడితే చివరిది వదిలేస్తోందని ఏప్రిల్లో కనిపెట్టాను. ఆఫీసు బయట నీకొక్కడికే చెప్పాను. మొన్న సన్యాసమ్మ అనే పేరుతో ఎవరో సరిగ్గా ఆ తప్పుకే ప్యాచ్ రాసి అందరి ముందూ పెట్టేశారు. ఆ పేరున్న మనిషి కంపైలర్ రాయడమేమిటి బావా? ఎవడో దొంగపేరు తగిలించుకున్నాడు.

మా అచ్యుతరామయ్య గారు గోదావరి మనిషి, తిట్టినా గౌరవంగానే తిడతారు. "నెలాఖరు దాకా చూస్తానండీ. బయటికి చెప్పిందెవరో తేలకపోతే మీ పేరే రాసుకుంటానండీ" అన్నారు. ఉద్యోగం పోయేలా ఉంది. నిజం చెప్పు, ఎక్కడైనా నోరు జారావా?

నీ బావ,
గోపి

హైదరాబాద్,
జూన్ 8

ప్రియమైన గోపి బావకి,

నీ ఉత్తరం చదివి రోజంతా ఒళ్ళు మండింది. నీ మాట గడప దాటించేవాడినైతే నా చెల్లెల్ని నీకెందుకిస్తాం? నేనెవరికీ చెప్పలేదు.

ఆ ప్యాచ్ చదివాను. పని శుభ్రంగా ఉంది. పేరు చూసి మనిషిని తీసిపారెయ్యకు. ఎవరని వెతికే ముందు ఎప్పటినుంచి రాస్తున్నారో చూడు. ఇంతకన్నా రాసే హక్కు నాకు లేదు.

మధ్యాహ్నాలు పాప నిద్రపోతోందా? ధనశ్రీని అడిగానని చెప్పు.

నీ బావ,
సింహాద్రి

గాజువాక,
జూన్ 12

సింహాద్రి బావకి,

హక్కు లేదన్నావంటే నీకు తెలుసన్నమాట.

సన్యాసమ్మ ప్యాచులన్నీ తీశాను. ఒంటిగంటకీ మూడింటికీ మధ్యే వస్తాయి. నేను ఇంట్లో ఉండే ఆదివారం ఒక్కటీ రాదు. తప్పు చూపించడానికి పెట్టిన ప్రోగ్రాము బెల్లం దిమ్మలు లెక్కపెడుతుంది, పది వేస్తే తొమ్మిదంటుంది. బెల్లం దిమ్మలట. మన వైపు మనిషే.

నిన్న మధ్యాహ్నం చెప్పకుండా ఇంటికొచ్చాను. ధనశ్రీ గబుక్కున ల్యాప్‌టాప్ మూసేసింది. ఏటి చేస్తన్నావని అడిగితే, "ఏటీ లేదు, పాపకి ఉగ్గెలా సెయ్యాలో సూస్తన్నాను" అంది. ఊరందరికీ ఉగ్గు చెయ్యడం నేర్పిన మనిషి. నువ్విచ్చిన, మీ పాత చిప్పున్న బోర్డు కూడా అల్మారాలో లేదు. నా కాగితాలు తీసి నీకు పంపుతోందా? అన్నాచెల్లెళ్ళు కలిసి నన్ను ముంచుతున్నారా?

గోపి

హైదరాబాద్,
జూన్ 16

ప్రియమైన గోపి బావకి,

చెప్పనని చెల్లికి మాటిచ్చాను. నీ ఉత్తరం చూశాక ఆ మాట తప్పుతున్నాను.

సన్యాసమ్మ మా నాన్నమ్మ పేరు. ఊరంతా బెల్లపు ముసిలి అనేవారు కాబట్టి నీకు తెలీదు. ఆ పేరుతో రాసేది ధనశ్రీ. పాప పుట్టకముందు తనదీ నీ పనే కదా, మరిచిపోయావా? ఆ బోర్డు రెండేళ్ళ నుంచి బజార్లో అమ్ముతున్నదే. అందులోనూ అదే తప్పుంది. తనంతట తానే పట్టుకుంది.

పట్టుకుని ఊరుకోలేదు. జనవరి నుంచి మూడుసార్లు అదే పేరుతో మీ బహిరంగ పేజీలోనే, ఇక్కడ తప్పుందని బగ్ రిపోర్ట్ పెట్టింది. మూడూ నువ్వే మూసేశావు. ఒకే జవాబు: "మా దగ్గర బాగానే నడుస్తోంది." నీ రహస్యం ఏప్రిల్ది, తన రిపోర్ట్ జనవరిది. ఎవరూ ఏమీ బయటపెట్టలేదని చూపించడానికి అవే సాక్ష్యం. వాటి కింద ఉన్నది నీ పేరే, అదీ చిక్కు.

ఎందుకు దాచిందంటావా? ఇంట్లో కోడ్ సంగతెత్తితే "ఇప్పుడు నీకెందుకవన్నీ" అన్నావట. "పెళ్ళాం సెప్పిందని కాదన్నయ్యా, పని సూసి ఒప్పుకోవాల" అంది. నీ ఉద్యోగం మీదికొచ్చిందని తనకి తెలీదు. నువ్వు అదీ చెప్పలేదు కదా.

సింహాద్రి

గాజువాక,
జూన్ 21

ప్రియమైన బావకి,

నిన్ను అనుమానించాను, ఆవిణ్ణీ అనుమానించాను. సిగ్గుగా ఉంది.

మూడు రిపోర్టులూ అచ్యుతరామయ్య గారి ముందు పెట్టాను. "మన గుమ్మంలోకొచ్చి చెబితే మనమే పొమ్మన్నామండీ" అని, ఉద్యోగం ఉంచి, రిపోర్టులు చూసే పని నా దగ్గర్నుంచి తీసేశారు. న్యాయమే.

ఇంటికొచ్చి మొదటి రిపోర్ట్ మళ్ళీ తెరిచాను. దాని కింద, అందరూ చూసేలా, "సన్యాసమ్మ గారూ, మీరు చెప్పింది నిజం. చదవకుండా మూసింది నేనే. క్షమించండి" అని రాశాను. అది చేరినట్టుంది, వంటింట్లో ఆవిడ ఫోన్ మోగింది. తరవాత పాపని చంకనేసుకుని వచ్చి నిలబడింది.

"ఆఫీసుది తెరిసావు. ఇంట్లో నాను సెప్పి, నువ్వు మూసేసినవి ఉన్నాయి. అవెప్పుడు తెరుస్తావ్?"

రేపు చూద్దామనబోయి ఆగాను. పాపని అందుకుని, మొదటిది చెప్పమన్నాను. ఎదురుగా కూర్చుని ఇంకా చెబుతూనే ఉంది. పాప కాస్త నిద్రపోతే ఈ నాలుగు ముక్కలూ రాశాను. నాలుగోది మొదలుపెట్టింది బావా, కలం పక్కన పెడుతున్నాను.

నీ బావ,
గోపి